ఎర్ర రొయ్య ఉన్న తలుపు

లిఫ్టు తలుపులు నా వెనక మూసుకున్నాక గానీ తట్టలేదు, నేను దిగింది ఓడ వెనక కొసన అని. మధ్య లిఫ్టుకి అడ్డంగా తాడు కట్టారు. రేపు పొద్దున్నే గాల్వెస్టన్‌లో దిగిపోతాం కదా, ఇవాళ మధ్యాహ్నం నుంచే అది సామాన్లకి, మీరు వెనక లిఫ్టుకి వెళ్ళండమ్మా అన్నాడు తెల్లచొక్కా మనిషి. వెళ్ళాను, సంచీ రెండు చేతులతో పట్టుకుని, చేతులు ఖాళీ లేనట్టు, కాస్త ఆరు నొక్కి పెడతారా అని పక్కావిడని అడిగాను, ఈ మధ్య ఇలాంటి వేషాలు బాగా వచ్చేశాయి నాకు. నాతో ఎక్కినవాళ్ళంతా ఇంకా పైకి వెళ్ళేవాళ్ళు, ఆరో అంతస్తులో నేనొక్కదాన్నే దిగాను. మధ్య లిఫ్టయితే ఎడమకి తిరగాలి, పదకొండు తలుపులు, పదకొండోది మాది. పన్నెండేళ్ళపాటు పెలికాన్ కంపెనీ వాళ్ళ ఏ ఓడ ఎక్కినా ఆ గదే అడిగేవాళ్ళం నేనూ డాల్టనూ. ఐదు ఓడలూ ఒక్క నక్షా మీదే కట్టారు వెర్నా, ఒకటి తెలిస్తే ఐదూ తెలిసినట్టే, అనేవాడు మా ఆయన. రిఫైనరీలో గొట్టాలు బిగించి బిగించి, ఎక్కడికెళ్ళినా ఆయనకి గోడ వెనక ఏముందో అదే కనిపించేది. ఆయన పోయి ఆరేళ్ళు, ఇప్పటికీ నేను ఆ గదే అడుగుతాను. పదకొండో తలుపు మాత్రం పదకొండోదిగానే ఉంది. కానీ వెనక లిఫ్టు నుంచి ఎన్నోదో నాకెవరు చెప్పారు? ఇటు నుంచి నేనెప్పుడూ రాలేదు. చూస్తూ పోతే కనిపిస్తుందిలే అనుకోబోయాను, అనుకోబోయి నవ్వొచ్చింది, నవ్వు సగంలోనే పోయింది.

నా కంటి మధ్యలో బూడిదరంగు మచ్చ ఒకటి కూర్చుంది. రెండు కళ్ళలోనూ. నేను దేన్ని చూడాలనుకుంటే సరిగ్గా దాని మీదే కూర్చుంటుంది, పేపరు చదువుతుంటే పేపరు మీదే పడుకునే పిల్లిలాగా. చుట్టుపక్కలంతా కనిపిస్తుంది, గోడ, తివాచీ, నడిచే మనిషి కాళ్ళు. మనిషి మొహం మాత్రం ఉండదు. అంకెలుండవు, అక్షరాలుండవు. మొహం చూడాలంటే పక్కకి తిరిగి చెవి వైపు చూడాలి, అప్పుడు మొహం కొంచెం వస్తుంది. ఆవిడకి కళ్ళు నెత్తికెక్కాయి, మాట్లాడుతుంటే మొహం తిప్పేసుకుంటుంది అని చర్చిలో అనుకుంటున్నారట, అనుకోనీ. జనవరిలో బోమాంట్ కళ్ళ డాక్టరు చెప్పాడు. పూర్తిగా చీకటైపోదమ్మా, నడవగలరు, తిరగగలరు, చదవడం మాత్రం ఉండదు, పోయింది తిరిగి రాదు అన్నాడు. ఫ్రిజ్‌కి అంటించుకుని రోజూ చూసుకోమని, పైన కళ్ళాసుపత్రి పేరున్న గళ్ళ కాగితం ఒకటిచ్చాడు, ఏ గళ్ళు వంకర పోతున్నాయో చూసుకోవాలట. ఫ్రిజ్‌కి అంటిస్తే ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఇదేమిటని అడుగుతారని వంటింటి అల్మారా తలుపు లోపల అంటించాను. అమ్మాయి టెస్‌కి చెప్పలేదు. చెల్లెలు క్లాడెట్‌కి అసలు చెప్పలేదు. చెప్పిన మరుక్షణం ఏం జరుగుతుందో నాకు తెలుసు, వరసగా తెలుసు, ముందు కారు, తరవాత ఓడ, ఆ తరవాత ఇల్లు.

నడవలో నడుస్తున్నాను. కుడి చెయ్యి గోడకున్న కమ్మీ మీద ఉంది. తొందరపడే వాళ్ళు అప్పుడే పెట్టెలు బయట పెట్టేశారు, రాత్రి పదకొండులోపు పెట్టమంటే మధ్యాహ్నం మూడున్నరకే పెట్టేస్తారు, ఇంటి మీద అంత బెంగ ఉంటే ఓడెక్కడమెందుకో. పెట్టె వచ్చినప్పుడల్లా కమ్మీ వదిలి చుట్టూ తిరగాలి. ఫరవాలేదు. మా తలుపుకి బొమ్మ ఉంది. ఓడల్లో తిరగడం మరిగినవాళ్ళందరికీ ఈ పిచ్చి ఉన్నదే, తలుపులు ఇనపవి కాబట్టి అయస్కాంతం బొమ్మలు అతికించుకుంటారు, జెండాలూ తాబేళ్ళూ పెళ్ళిరోజు శుభాకాంక్షలూ. మేం ఎప్పుడూ అతికించలేదు, డాల్టన్‌కి అలాంటివి చిన్నతనంగా ఉండేది. ఈసారి క్లాడెట్ తెచ్చింది, పళ్ళెమంత ఎర్ర రొయ్య, రెండు కొండీలు పైకెత్తి, మెత్తగా ఉబ్బెత్తుగా ఉంటుంది. ఏం సంతే ఇది, మనం రొయ్యలు తినే పోర్ట్ ఆర్థర్ వాళ్ళమని ఊరంతా చాటాలా అని తిట్టాను. తిట్టానే గానీ మొదటి రోజు సాయంత్రం నడవలో దూరం నుంచే ఆ ఎరుపు కంటి అంచుకి తగిలితే నాకు ఏడుపొచ్చింది. ఆరు రోజులుగా ఆ రొయ్యే నన్ను ఇంటికి తెస్తోంది. వేలితో ఒక్కసారి కొండీ తడిమి, కార్డు పెట్టి లోపలికి వెళ్ళిపోతాను.

పైన ఐదో అంతస్తులో, కాదు, ఐదు కింద కదా, చూశావా భయమేస్తే పైనా కిందా కూడా పోతున్నాయి. కింద ఐదో అంతస్తులో క్లాడెట్ వరసలో కూర్చుని ఉంది. వచ్చే ఏడు ప్రయాణం ఇప్పుడే రాయించుకుంటే రాయితీ, బల్ల నాలుగింటికి మూసేస్తారు. పొద్దున టిఫిను దగ్గర మొదలైన గొడవ ఆ బల్ల దాకా నడిచింది.

"అక్కా, పెలికాన్ ముసలిదైపోయిందే. కుళాయి తిప్పితే స్నానం మానుకున్నాక వేడినీళ్ళొస్తున్నాయి. ఒక్కసారి హెరాన్ కంపెనీ వాళ్ళ ఓడ చూద్దాం. ఒక్కటంటే ఒక్కసారి."

"అది ఓడ కాదే, హ్యూస్టన్ నగరం. ఇరవై అంతస్తులు. పొద్దున గదిలోంచి బయటపడితే రాత్రికి చేరతామా?"

"లిఫ్టులు మాట్లాడతాయట. ఎన్నో అంతస్తో అవే చెప్తాయి."

"నాకు లిఫ్టుతో కబుర్లెందుకు? నువ్వు చాలవూ?"

"మరి ఇక్కడేముందని? చెప్పు, ఏముంది?"

ఇక్కడేముందో వేళ్ళ మీద చెప్పాను. ఇరవై మూడు ప్రయాణాలయ్యాయి, ఇంకొక్కటి చేస్తే బంగారు పెలికాన్ పిన్ను ఇస్తారు, కెప్టెన్‌తో భోజనం. డాల్టన్‌కి ఆ పిన్ను మీద ఎంత మోజో నీకు తెలియదా, కంపెనీ మారితే ఇరవై మూడూ గాలికిపోయినట్టే, మళ్ళీ ఒకటి నుంచి మొదలు, డెబ్భై ఒక్కేళ్ళకి ఒకటి నుంచి మొదలుపెట్టమంటావా అన్నాను. ఆ పిన్ను పెట్టుకుని ఎక్కడ ఊరేగుతావక్కా అంది. కోపమొచ్చినట్టు నటించాను. పిన్నూ లేదు, గిన్నూ లేదు. ఇక్కడ నాకు పదకొండు తలుపులు తెలుసు. భోజనాల హాల్లో మెట్టు ఎక్కడుందో తెలుసు, ఈతకొలను పక్కన నేల ఎక్కడ జారుతుందో తెలుసు, ప్రమాద గంట మోగితే ఏ మెట్ల మీదుగా పడవ దగ్గరికి వెళ్ళాలో కాళ్ళకి తెలుసు. కొత్త ఓడలో మొదటి రోజే దొరికిపోతాను. మొదటి రోజు సాయంత్రం, సూప్ రాకముందే. అందుకని ఇంకా గట్టిగా అరిచాను, ఇక్కడే రాయించుకుందాం, ఇవాళే, ఇప్పుడే అని. సరే పద అంది. దాని సంచీలోంచి హెరాన్ వాళ్ళ రంగుల పుస్తకం సగం బయటికి తొంగిచూస్తూనే ఉంది.

వరస దగ్గరే వచ్చింది చావు. బల్ల వెనకున్న అమ్మాయి, మారిసోల్ అట పేరు, గొంతు చక్కగా ఉంది, ముందే కాగితాలిస్తున్నాను, చదివి ఉంచండి మేడమ్ అని నా చేతిలోనే పెట్టింది. క్లాడెట్ చెయ్యి చాపింది, ఇలా ఇవ్వక్కా నేను చదివి చెప్తా అని. ఈ వారమంతా ఇదే వరస దీనిది, భోజనం బల్ల దగ్గర మెనూ మొత్తం ఎలుగెత్తి చదువుతుంది, పక్క బల్ల వాళ్ళు కూడా విని తెప్పించుకునేట్టు. దీనికి చెవుడు వస్తోందేమో అనుకున్నాను కూడా. నా పేరు మీద కాగితం నేను చదువుకోలేనా, కళ్ళద్దాలు గదిలో మరిచాను, తెచ్చుకుంటాను అని లేచాను. నేను తెస్తా ఉండు అంది. నీ మోకాళ్ళతోనా, వరస పోతుంది, కూర్చో అన్నాను. అక్కా ఆగవే అని వెనకనుంచి ఏదో అంది, వినలేదు. ఆ కళ్ళద్దాలు పెట్టుకున్నా మచ్చ కదలదు. నాకు కావలసింది పది నిమిషాలు. కళ్ళద్దాలు తెచ్చి, పెట్టుకుని, పేజీలు తిప్పి, సరైన చోట ఊఁ అని, ఇక్కడేనా సంతకం అని అడిగేస్తే అయిపోయేది.

రొయ్య రాలేదు.

చాలా తలుపులు దాటాను. ఓ తాబేలు వచ్చింది, వేలు పెట్టి చూశాను, బోర్లించిన గిన్నెలా ఉంది. ఓ కాగితం జెండా వచ్చింది. ఎరుపు రాలేదు. నడవ మధ్యలో వెడల్పయింది, గాలి చల్లగా తగిలింది, అంటే మధ్య లిఫ్టు దాకా వచ్చేశానన్నమాట, అంటే మా తలుపు దాటేశాను. వెనక్కి తిరిగి లెక్కపెడదామనుకున్నాను, పదకొండే కదా, చిన్నపిల్లలు లెక్కపెడతారు. ఒకటి, రెండు, మూడు, అక్కడ దుప్పట్ల బండి అడ్డం, దాని వెనక ఒక తలుపా రెండా, పెట్టెలు, నాలుగు అందామా ఐదందామా, మళ్ళీ మొదటికి. మళ్ళీ లెక్కపెట్టాను, ఈసారి పదకొండు దగ్గర చెయ్యి పెడితే చదునుగా తగిలింది. ఇనుము. బొమ్మ లేదు. అటుపక్కదీ చదునే, ఇటుపక్కదీ చదునే. ఈ ఓడలో అంకెలు గాజుపలక కింద రాశారు, వేలికేం తగలదు, నున్నగా అద్దంలా ఉంటుంది. పక్కకి తిరిగి, చెవి వైపు చూసినట్టు చూశాను, ఆరు అనుకుంటా, లేక ఎనిమిది, తరవాతది పాకుతోంది, చీమలా. ఇది అసలు ఆరో అంతస్తేనా? ఆ ఆవిడ ఆరే నొక్కిందా? ఓడకి రెండు వైపులా రెండు నడవలున్నాయి, నేను ఎటు తిరిగాను? వెనక లిఫ్టులోంచి దిగినప్పుడు కుడికా, ఎడమకా? కార్డు పెట్టాను. కీచుమంది. పక్క తలుపుకి పెట్టాను. కీచుమంది. కార్డు జారి తలుపు మీద గీరుకుపోయింది, తలుపు తెరుచుకుంది, కానీ లోపలి నుంచి.

"ఎవరది?"

మగగొంతు. మొహమున్న చోట బూడిద.

"తప్పు తలుపు. క్షమించండి."

"మీ గది నంబరెంతమ్మా?"

"నా నంబరు నాకు తెలుసు."

"తెలిస్తే నా తలుపెందుకు గీకుతున్నారు?" అన్నాడు. లోపల్నుంచి ఆడగొంతు, ఎవరండీ అని. "ఎవరో పెద్దావిడ. మధ్యాహ్నమే పట్టించినట్టుంది," అన్నాడు, తలుపేసేసుకున్నాడు.

తాగుబోతు. మంచిదే. తాగుబోతనుకుంటే రేపటికి మరిచిపోతారు. నంబరు చెప్పి ఉంటే అదిగో ఎదురుగా రాసుంది కదండీ అనేవాడు, అప్పుడు నేనేమనాలి? గది సర్దే వయాన్ కనిపిస్తే బాగుండును, నవ్వుతూ అమ్మా అంటూ తలుపు తీసేస్తాడు, కానీ ఈ వేళప్పుడు వాళ్ళకి విరామం, అడిగితే వాడు మాత్రం పైవాళ్ళకి చెప్పడా, పైవాళ్ళు పేరు పక్కన రాసుకోరా, ఈవిడ ఒంటరిగా తిరగలేదు అని. పెట్టె ఒకటి కాలికి తగిలితే దాని మీదే కూర్చున్నాను. ఎవరి పెట్టో. విరిగితే విరిగింది. ఫిబ్రవరిలో మా వీధిలోనే గిడ్రీ వాళ్ళింటి ముందు కారుకి ఏదో తగిలింది. ఠప్పుమంది. ఆపి దిగాను. కారు ముందువైపు నడిచి వెళ్ళడానికి పదడుగులు, ఆ పదడుగులూ నాకు తెలియదు, నేను కొట్టింది మెయిల్ బాక్సునో, గిడ్రీ వాళ్ళ మనవరాలినో. వంగి చేత్తో తడిమితే కర్ర. రేకు డబ్బా. ఆ రేకు డబ్బాని పట్టుకుని రోడ్డు మీద కూర్చుండిపోయాను. గాలికి పడినట్టుందని గిడ్రీగారికి నేనే చెప్పాను, అబద్ధం ఆడి, కొత్తది కొనిచ్చి, మంచిదాన్ననిపించుకున్నాను. ఆ తరవాత కూడా కారు తీశాను. మూడు వీధులే కదా, కొట్టు దాకానే కదా అని తీశాను. ఇది టెస్‌కి తెలిస్తే ఒక్క మాట అనదు, మా పక్కనున్న నెదర్లాండ్ ఊళ్ళో ముసలివాళ్ళ ఇంటికి ఫోన్ చేస్తుంది. మా పిన్ని ఒకావిడ అక్కడే ఉండేది, ముందు గదిలో పెద్ద చేపల తొట్టె, దాని ముందు కుర్చీలు, కుర్చీల్లో మనుషులు, ఎవరూ చేపలని చూడరు. నన్నూ ఆ కుర్చీలో కూర్చోబెడతారు. చేపలున్న చోట బూడిదరంగు మచ్చ కనిపిస్తుంది.

ఓడ కంపెనీ మారాలా వద్దా అని పొద్దుటి నుంచి కొట్టుకుంటున్నాను. ఏ కంపెనీ అయితేనేమిటి? తెలిసిన ఓడ, తెలిసిన నడవ, తెలిసిన తలుపు, అని అంతగా పట్టుకుని వేలాడానే, ఒక తాడు కట్టి ఒక బొమ్మ కనబడకపోతే మూడు నిమిషాల్లో నాకు ఏదీ తెలియకుండా పోయింది. ఐదు ఓడలూ ఒకటే నక్షా అన్నావు డాల్టన్, నక్షా నాకు కనబడాలి కదా. కనిపించని దానికి పాతదేమిటి, కొత్తదేమిటి? అలాగని ఆ ఇరవై అంతస్తులా? అక్కడ తప్పిపోతే? ఇక్కడ తప్పిపోతే తాగిందన్నారు, అక్కడ పరాయిదాన్ని, ఏమంటారో. ఏడుపొస్తోంది, ఏడిస్తే ఉన్న అంచులు కూడా తడిసి పోతాయి, ఏడవకూడదు. రొయ్య ఏమైంది? ఎవరన్నా తీసేశారా? మార్చిలో క్లాడెట్ మా ఇంటికొచ్చింది, రొయ్యల రోజులు కదా, పెద్ద గిన్నె పెట్టి మొక్కజొన్నా బంగాళాదుంపా వేసి ఉడకబెట్టాం, కారం డబ్బా తెస్తానని వంటింట్లోకి వెళ్ళి ఎంతకీ రాలేదు. ఏం చేస్తున్నావే అంటే, నీ అల్మారా చెత్తకుండీలా ఉందక్కా, ఏదీ దొరకదు అంది. గొంతు బొంగురుపోయి ఉంది. కారం ఘాటనుకున్నాను. ఆ రోజు అది ఒక్క రొయ్య కూడా సరిగ్గా తినలేదు.

నెత్తి మీద స్పీకరు గరగరమంది. ప్రయాణికులకి మనవి, వచ్చే ప్రయాణాల బల్ల మరో ఐదు నిమిషాల్లో మూసివేయబడును. పోయింది. పిన్ను పోయింది. అది కాదు, కింద క్లాడెట్ ఎదురుచూస్తుంటుంది, కళ్ళద్దాల కోసం వెళ్ళిన మనిషి అరగంటైనా రాలేదేమని, ఇంకో ఐదు నిమిషాలకి వెతకడానికి ఎవరినో పంపుతుంది, ఎవరో యూనిఫారం వేసుకున్నవాళ్ళు వచ్చి నన్ను ఎవరి పెట్టె మీదో పట్టుకుంటారు. లే, వెర్నా, లే. లేచాను. ఎటు నడవాలో తెలియక నిలబడ్డాను.

అప్పుడు వినిపించింది. నడవ చివర మెట్ల మీద, దడదడా, చెప్పుల చప్పుడు. ఒక కాలు గట్టిగా, ఒక కాలు ఈడుస్తూ. ఆ మోకాళ్ళు నాకు తెలుసు. ఆ మోకాళ్ళతో అది పదేళ్ళుగా పరిగెత్తలేదు, పెద్ద తుఫాను ఊరిమీదకొచ్చినప్పుడు కూడా కారు దాకా నడిచే వెళ్ళింది. ఇప్పుడు పరిగెత్తుతోంది. కంటి అంచుకి నారింజరంగు తగిలింది, ఊగుతూ, పెద్దదవుతూ. దాని టోపీ. వారమంతా తీయని దిక్కుమాలిన నారింజ టోపీ, భోజనానికి కూడా పెట్టుకుని పరువు తీస్తున్నావు, ముసలి గుమ్మడికాయలా ఉన్నావని రోజూ ఎగతాళి చేసిన టోపీ.

"అక్కా! అక్కా, అక్కడే ఉండు! బొమ్మ నేను తీసేశాను! మధ్యాహ్నం సర్దుతూ పెట్టెలో పడేశాను, బుద్ధిలేనిదాన్ని, వరసలో కూర్చుంటే గుర్తొచ్చింది, లిఫ్టుకి తాడు కట్టేశారు, మెట్లన్నీ..."

ఊపిరందక ఆగింది. నా చెయ్యి పట్టుకుంది.

బొమ్మ తీసేశానని పరిగెత్తుకొచ్చింది. తలుపు మీద బొమ్మ లేకపోతే ఎవరికైనా ఏమవుతుంది? నంబరు చూసుకుని వెళ్తారు. బొమ్మ లేకపోతే నాకేమవుతుందో తెలిసినవాళ్ళే ఈ మెట్లు ఇలా దిగుతారు, కాదు, ఎక్కుతారు. పళ్ళెమంత రొయ్య. ఎలుగెత్తి చదివిన మెనూ. మాట్లాడే లిఫ్టు. దొరికిపోయాను అనుకున్నాను ముందు, దొంగలాగే అనుకున్నాను.

"వరస పోయిందిగా," అన్నాను.

"పోతే పోయింది. చాలా భయపడ్డావా?"

"లేదు."

"అక్కా."

"జనవరి నుంచి," అన్నాను.

అది ఏడుస్తోంది. మొహం కనిపించకపోయినా టోపీ కదులుతోంది. టెస్‌కి చెప్పావా అని అడిగాను. చెప్పలేదు, నువ్వే చెప్తావని కాచుకున్నాను, కానీ ఇంటికెళ్ళగానే కారు తాళాలు నాకిచ్చెయ్యాలి, ఈ ఒక్క విషయంలో నీ మాట వినను, నేనొచ్చి తీసుకెళ్తాను ఎక్కడికైనా, అంది. ఊఁ అన్నాను. ఊఁ అన్నది నేనేనా అనిపించింది. మెయిల్ బాక్సు సంగతి ఇంకా చెప్పాలి. రాత్రికి చెప్తాను. దాని చెయ్యి వదల్లేదు, వదిలితే ఏమవుతుందో ఇందాకే చూశాను. నాలుగు తలుపులు వెనక్కి నడిపించింది, ఇదే మనది అంది. కార్డు పెడితే తెరుచుకునే చప్పుడైంది, కీచుమనకుండా, టక్‌మని. లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. గాజుపలక మీద వేలు పెట్టి రుద్దాను. నున్నగా ఉంది, ఏమీ లేదు.

"ఆ హెరాన్ ఓడలో అంకెలు వేలికి తగులుతాయంటావా?"

"తగులుతాయి. ప్రతి తలుపుకీ. ఫోన్ చేసి అడిగాను."

"ఎప్పుడడిగావే?"

నా చెయ్యి గాజు మీద నుంచి తీసి తన చేతిలో పెట్టుకుంది.

"మార్చిలో," అంది, "కారం డబ్బా కోసం నీ అల్మారా తెరిచిన రోజున."